ఏ రంగం వారు?

మొన్న నవంబరులో నేను బిలాస్‌పూర్ వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు, ఒక పెళ్ళి చెడగొట్టడానికి. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత ఎవరో చెబితే మీకు కోపం వస్తుంది.

మా తమ్ముడు సత్యం కొడుకు రవి బిలాస్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ గూడ్సు డ్రైవరు అప్పన్నగారి అమ్మాయి సరళ వాడికి నచ్చింది, వాడు సరళకి నచ్చాడు. పిల్ల డిగ్రీ చదివింది, వాళ్ళూ మన తెలుగువాళ్ళే. అంతా బాగానే ఉంది కానీ వాళ్ళ ఇంటిపేరు రంగం. మాదీ రంగమే. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస. మా వైపు దీనికి అప్పీలు లేదు. పిల్ల తండ్రి కుదరదన్నాడు, మా సత్యమూ కుదరదన్నాడు. అప్పుడు రవి నాకు ఎనిమిది పేజీల ఉత్తరం రాశాడు: "అత్తా, ఒక్కసారి వచ్చి వాళ్ళు ఏ రంగం వారో కనుక్కో. వాళ్ళకీ మనకీ సంబంధం లేదని తేలితే నాన్నకి చెప్పు. ఉందని తేలితే నోరు మూసుకుంటాను."

సత్యం ఆ ఉత్తరం చదివి, "నువ్వు ఊఁ అంటే నేనూ ఊఁ. ఉహూఁ అంటే అక్కడితో సరి," అని చేతులు దులుపుకున్నాడు. చిన్నప్పటినుంచీ వాడికిదే అలవాటు. నేనేమో విజయనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో పాతికేళ్ళుగా తెలుగు చెబుతున్నదాన్ని, తప్పుని తప్పనడం నా వృత్తి. ఉహూఁ అని ఇంట్లోనే తేల్చుకుని, రెండు కిలోల మాడుగుల హల్వా కొనుక్కుని రైలెక్కాను. చేదు మాట చెప్పడానికి వెళ్తూ చేతిలో తీపి లేకపోతే ఎలా?

రాయగడ దాటాక

నా ఎదురు సీటులో ఒక ముసలమ్మ, ఆవిడ కాళ్ళ దగ్గర ఒక గంప. గంపలో ఎండు నెత్తళ్ళు, అంటే ఎండబెట్టిన చిన్న చేపలు. పార్వతీపురం వచ్చేసరికి ఆ వాసన పెట్టె అంతా పరుచుకుంది, రాయగడ దాటేసరికి నా చీరకి పట్టింది.

"ఎందాకెల్తన్నావమ్మా?" అంది.

"బిలాస్‌పూర్."

"నానూ ఆడికే. నా కొడుకు షెడ్డులో ఫిట్టరు. ఆడికి ఈ నెత్తళ్ళు లేపోతే ముద్ద దిగదు. ఇంతకీ ఏ ఇంటి పిల్లవమ్మా నువ్వు?"

"రంగం వారి అమ్మాయిని."

"ఒలమ్మో! రంగం నుంచొచ్చీసినోళ్ళా? మా సిన్నాన్నా రంగమెల్లినాడు. మరి రానేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మన వైపు పాతవాళ్ళు రంగూన్‌ని రంగం అంటారని తెలుసు కదా. ఒకప్పుడు మన జిల్లాల నుంచి జనం ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పని. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాడు ఆ ఊరి మీద బాంబులు వేశాక పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళు అడవులూ కొండలూ పడి నడిచొచ్చారు. ఇదంతా ఆవిడకి క్లాసులో చెప్పినట్టు చెప్పి, "ఆ రంగం వేరు, మా రంగం వేరు. అది ఊరు, ఇది ఇంటిపేరు," అని ముగించాను.

ఆవిడ అంతా శ్రద్ధగా విని, "అలగైతే మరి మీకా పేరెలగొచ్చింది?" అంది.

"ఎలా వస్తేనేం, వచ్చింది," అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పాతికేళ్ళలో ఏ విద్యార్థినీ నన్ను ఇంత ఇరుకున పెట్టలేదు. టిట్లాగఢ్‌లో ఆవిడ నాకు టీ ఇప్పించింది, నేను కోపం మానేశాను.

రాయపూర్‌లో చారు

రాయపూర్‌లో బండి మారాలి, ఆరు గంటలు ఖాళీ. పొద్దున్నే అక్కడందరూ తినేది పోహా, అంటే అటుకులు. మనం అటుకుల్ని పాలల్లోనో పెరుగులోనో వేసుకుంటాం, లేకపోతే పోపు వేసి కరకరలాడిస్తాం. వాళ్ళు మెత్తగా పసుపు వేసి ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయలూ కారప్పూసా చల్లి, పక్కన వేడి జిలేబీ పెడతారు. పొద్దున ఏడు గంటలకి జిలేబీ! ప్లేటు రూపాయిన్నర. మొదట మొహం చిట్లించాను, తర్వాత ఇంకో ప్లేటు తీసుకున్నాను.

భోజనానికి ఒక హోటల్లో కూర్చున్నాను. అన్నం, పప్పు, బంగాళాదుంప కూర వచ్చాయి. నాకు చారు లేకపోతే భోజనం చేసినట్టుండదు. నా హిందీ అంతా కూడగట్టుకుని, "చారు హై క్యా?" అని అడిగాను. సర్వరు తలూపి వెళ్ళి నాలుగు చపాతీలు తెచ్చి కంచంలో వేశాడు. "నహీఁ, చారు, చారు!" అన్నాను. అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి మరో నాలుగు తెచ్చాడు. వాళ్ళకి చార్ అంటే నాలుగని అప్పుడు వెలిగింది. ఆ ఎనిమిదీ పొట్లం కట్టించుకుని బిలాస్‌పూర్ దాకా మోశాను.

లాల్‌ఖదాన్

రవి స్టేషనుకొచ్చాడు. కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, "అత్తా, ఈ నెత్తళ్ళ వాసనేమిటి?" అన్నాడు. హల్వా సంచీ కూడా అదే వాసన. పెళ్ళి చెడగొట్టడానికి అదొక్కటే చాలేమో అనుకున్నాను.

రవిది ఒంటి గది. అందుకని నన్ను అప్పన్నగారి ఇంటికే తీసుకెళ్ళాడు. రైలు పట్టాలకి దగ్గర్లో, లాల్‌ఖదాన్‌లో మూడు గదుల సొంత ఇల్లు. గూడ్సు బండి వెళ్తుంటే కిటికీ ఊచలు, అలమరలో గ్లాసులు, నా పళ్ళు అన్నీ కలిసి మోగుతాయి. ఆ ఇంట్లోవాళ్ళకి అది లెక్కలోకి రాదు. మాట మధ్యలో ఆగిపోతారు, యాభై పెట్టెలూ వెళ్ళేదాకా కదలరు. ఆఖరి పెట్టె వెళ్ళగానే ఆగిన అక్షరం దగ్గర్నుంచి అందుకుంటారు.

"రండొదినా, బండిలో ఏటైనా తిన్నారేటి?" అంటూ అప్పన్నగారి భార్య నూకరత్నం నా చేతిలో సంచీ అందుకుంది. "ఎనిమిది చపాతీలున్నాయి," అన్నాను. సంగతి విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పన్నగారు భారీ మనిషి, తెల్లబడుతున్న గుబురు మీసం. "దా చెల్లెమ్మా, కూకో," అన్నారు. ఇంటిపేరు ఒకటే కాబట్టి నేను ఆయనకి చెల్లెల్ని, ఆయన నాకు అన్నయ్య. పేచీ కూడా అక్కడే కదా.

కాఫీ తాగి విషయంలోకి దిగాను. "అన్నయ్యగారూ, మీది ఏ ఊరి రంగం?"

"సీకాకులం వైపేనమ్మా."

"శ్రీకాకుళం వైపంటే ఏ ఊరు?"

అప్పుడే బొగ్గు బండి వచ్చింది. పెట్టెలన్నీ వెళ్ళేదాకా ఓపిగ్గా కూర్చున్నాను. ఆఖరి పెట్టె వెళ్ళేసరికి ఆయన కుర్చీలో లేరు, టిఫిను క్యారేజీ పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. "డూటీకి టైమైపోనాది చెల్లెమ్మా, రేపొచ్చి మాటాడతాను," అని సైకిలెక్కారు.

ఏదో దాచుకున్న మనిషిని నేను ఇట్టే పోల్చగలను. కాపీ కొట్టే పిల్లల్ని పాతికేళ్ళుగా పడుతున్నాను.

సరళ ఊరగాయ

మర్నాడంతా ఆడవాళ్ళమే. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ గిన్నెడు బాసీ పంపింది. బాసీ అంటే మరేం లేదు, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున ఉల్లిపాయ నంజుకుని తినే మన చద్దన్నమే. ఇంత దూరం వచ్చి చద్దన్నం తినడమా అనుకుంటూనే గిన్నె ఖాళీ చేశాను. దగ్గర్లోని మంగ్లా అనే ఊరి నుంచి ఒకామె జామకాయలు తెచ్చి అమ్మింది. సరళ వాటిని కోసి, ఆవపిండీ కారమూ కలిపి అప్పటికప్పుడు ఊరగాయ పెట్టింది. జామకాయ ఊరగాయ ఎక్కడైనా విన్నారా? తిన్నాక మాత్రం నేనేమీ అనలేదు.

పిల్లకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం అంతంతమాత్రం. నా దగ్గరున్న వారపత్రిక తీసి వేలు పెట్టి కూడబలుక్కుంటూ, "అత్తా, ఈ ఒత్తులు ఎవరు కనిపెట్టారు? సచ్ చెప్తున్నా, వాణ్ణి జైల్లో పెట్టాలి," అంది. నేను చదువు చెప్పేదాన్నయ్యుండీ ఫక్కున నవ్వాను. అప్పుడే నాకు భయం వేసింది. పిల్ల నచ్చేస్తోంది, నేను వచ్చిన పనేమిటి?

మెల్లిగా అడిగాను, "సెలవులకి మీ ఊరు వెళ్తుంటారా?"

"లేదత్తా. కాలనీలో అందరూ ఎండాకాలం రైలు పాసు తీసుకుని సీకాకులం వెళ్తారు. మేం మాత్రం పూరీ వెళ్తాం. నాన్న ఊరి మాటెత్తితే ఊరుకోరు. ఇప్పుడైతే నేనే నాన్నతో మాటా బాతూ మానేశాను. మూడు నెలలైంది." అలా అంటూ జామకాయ ముక్కల్ని గిన్నెలో కలుపుతూనే ఉంది. కలపడం ఎప్పుడో అయిపోయింది.

గతౌరా

మూడో రోజు అప్పన్నగారు డ్యూటీ దిగి, నిద్రపోయి లేచి, "చెల్లెమ్మా, గతౌరా ఎల్లొద్దామా? ఆడ కూరలు బాగుంటాయి," అన్నారు. ఇంటి ముందు కూరల బండి ఉంది. అయినా నేను మారుమాట లేకుండా చెప్పులేసుకున్నాను. తోడుగా రవి వచ్చాడు.

గతౌరా చిన్న స్టేషను, ప్యాసింజరులో దగ్గరే. దిగగానే ఆయన రవికి సంచీ ఇచ్చి వంకాయలకి పంపారు. మేమిద్దరం ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నాం. ఎండ హాయిగా ఉంది. ఆయన సిగ్నల్ వైపు చూస్తూ అన్నారు.

"మన ఇంటిపేరు ఒకటి కాదమ్మా. అసలు నాకు ఇంటిపేరే లేదు."

నేను ఆయన వైపు తిరిగాను.

"నాను రంగంలో పుట్టినాను. అదే, రంగూన్‌లో. ఏడేళ్ళుంటాయి నాకు, జపానోడు బాంబులేసినాడు. రేవులో పనికెల్లిన మా నాన్న మరి రానేదు. మా యమ్మ నన్ను సెయ్యట్టుకుని జనంతో బయలెల్లింది. రంగం నుంచి ప్రోము అనీ ఊరు, ఆడ నుంచి కొండలు. తాగడానికి నీళ్ళు నేవు. మా యమ్మ 'బేగి నడు నాయనా, బేగి నడు' అనీది. అదొక్కటే నాకు గేపకం. ఆ మాటని బట్టి మన వైపు మనిసని తెలస్తాది, అంతే. కొండల్లో అమ్మకి వాంతులు పట్టుకున్నాయి. ఒక్క పూటలో పోనాది. నాను దాని పక్కనే కూకుండిపోనాను. జనం ఎల్లిపోతన్నారు. అప్పుడు పైడయ్యని ఒకాయన ఆగినాడు. మిల్లులో మూటలు మోసీవోడంట. వంగి, 'ఎక్కు' అన్నాడు."

"ఎక్కారా?"

"ఎక్కీసేను. ఆ పొద్దు నుంచి ఆయనే మా అయ్య. ఇరవై రోజులు మోసినాడు. పడవెక్కి చిట్టగాంగొస్తే ఆడ ఒక గుమస్తా పుస్తకమెట్టుకుని కూకున్నాడు. పేరేటన్నాడు, పైడయ్యన్నాడు. హిందీలో ఇంకేటో అడిగినాడు. ఇంటిపేరే అడిగినాడో, ఎక్కడ నుంచొచ్చినావన్నాడో! మా అయ్య 'రంగం' అన్నాడు. ఆయన రంగం పైడయ్య అని రాసీసినాడు. ఈ గుంటడెవుడన్నాడు. 'మావోడే' అన్నాడు మా అయ్య. నానూ రంగమైపోనాను. ఆ కాయితం సూపిస్తేనే గంజి, ఆ కాయితం సూపిస్తేనే పని. మరెలా మారస్తాం? ఊరెల్దామంటే ఇశాపట్నంలో కూడా బాంబులు పడినాయన్నారు. రైలు పనికి మనుసులు కావాలని కూలీల్ని తీసుకొస్తంటే వాళ్ళతో పాటు ఇక్కడ దిగిపోనాం."

మొత్తం చెప్పి మీసం తుడుచుకున్నారు. "మా అయ్య అసలు ఇంటిపేరు నాకు తెల్సు. అది సెప్పీస్తే మీరు ఊఁ అనీసి ఎల్లిపోతారు. కానీ ఆ పేరూ నాది కాదు కదమ్మా. నాదేటో సెప్పడానికి ఎవుళూ నేరు. అందుకే ఇంటిపేరొకటని వంక పెట్టి కాదన్నాను. ఇప్పుడు నా గుంట నాతో మాటాడ్డం మానీసింది. ఏటి సెయ్యమంటావు?"

దాచడమెందుకు, మొదట నా బుర్రలోకొచ్చింది ఆయన కష్టం కాదు, రేపు పెళ్ళిలో చుట్టాలు "ఏ ఇంటివాళ్ళు, ఎవరివాళ్ళు?" అని అడిగితే ఏం చెప్పాలా అని. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడేళ్ళ పిల్లాడు చచ్చిపోయిన తల్లి పక్కన కూర్చుంటే, ఏ ఇంటివాడని అడక్కుండా ఒక మూటల కూలీ వీపు వంచాడు. నేను పంతులమ్మని, యాభై ఏళ్ళదాన్ని, చుట్టాల గురించి ఆలోచిస్తున్నాను.

"నూకరత్నంగారికి తెలుసా?" అన్నాను చివరికి.

"తెల్దు. పెళ్ళప్పుడు సెప్పనేదు. తరవాత సెప్పడానికి నోరు రానేదు."

"ముందు ఆవిడకి చెప్పండి. మీ ఇంట్లో మీకే దాపరికం ఉంటే మా పిల్లాణ్ణి ఎలా ఇస్తాం? నా మాట ఆ తర్వాతే."

రవి వంకాయలతో వచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైందత్తా?" అన్నాడు. "ఏమైందా? సగం పుచ్చు వంకాయలు తెచ్చావు," అని కసిరాను. మంచివే తెచ్చాడు పాపం.

మళ్ళీ లాల్‌ఖదాన్

నూకరత్నం వంకాయలు కోస్తోంది. అప్పన్నగారు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "నీకో మాట సెప్పాల. నాను మా అయ్యకి—" అన్నారు. అంతే, గూడ్సు. ఇంత పొడుగు బండి నా జన్మలో చూడలేదు. రవి, సరళ గుమ్మంలో, నేను తలుపు దగ్గర, అందరం బొమ్మల్లా నిలబడిపోయాం. ఆఖరి పెట్టె వెళ్ళింది.

"—పుట్టినోణ్ణి కాదు," అన్నారాయన.

నూకరత్నం వంకాయ కోయడం ఆపలేదు. "తెల్సు," అంది.

"ఏటి తెల్సు?"

"దారిలో దొరికినావని. మావయ్య పోయే ముందర నాతో సెప్పీసేడు. 'వాడికి ముందూ ఎనకా ఎవుళూ నేరే, జాగర్తగా సూసుకో. నీకు తెల్సని వాడికి తెలనియ్యకు, సిన్నబుచ్చుకుంటాడు' అన్నాడు."

"ఇరవయ్యేళ్ళ బట్టి తెల్సి నాతో సెప్పనేదేటే?"

"నువ్వు సెప్పినావేటి?"

"మరి పిల్ల పెళ్ళికి ఇంటిపేరని నాను కాదంటే నోరిప్పవేటి?" అని అరిచారాయన.

నూకరత్నం కత్తిపీట పక్కకి జరిపింది. "మావయ్యకి మాటిచ్చినాను కదా. నీ నోటి నుంచే రావాల. మూడు నెల్ల బట్టి రోజూ సూస్తన్నాను, ఈయాళ సెప్తాడు, రేపు సెప్తాడని. ఈ పంతులమ్మగారు రాపోతే ఇంకెన్నాళ్ళు సూద్దునో," అంది. అంత భారీ మనిషి పీట మీదే కూర్చుని చిన్న పిల్లాడిలా ఏడ్చారు. సరళ వెళ్ళి తండ్రి మెడ పట్టుకుని, "నాన్నా, బస్, ఇంక చాలు," అంది. నేనూ ఏడ్చాను. రవి వంక చూడలేదు, వాడూ ఏడ్చే ఉంటాడు.

కాసేపటికి అందరూ నా వైపు తిరిగారు. గొంతు సవరించుకున్నాను.

"బావగారూ, మాఘమాసంలో మంచి ముహూర్తాలున్నాయట. మీకు సెలవు దొరుకుతుందా?"

నూకరత్నం చటుక్కున లేచి నిలబడింది. అప్పన్నగారు తడి మీసంతో నన్నే చూస్తున్నారు. సరళకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. "క్యా హువా? అత్త ఏటన్నారు?" అని తల్లిని గిల్లుతోంది.

"బావ అన్నారే పిచ్చిమొకమా! నిన్నటి దాకా అన్నయ్య అన్నారు, ఇప్పుడు బావ అన్నారు," అంది నూకరత్నం.

"తో?"

"తో ఏటి? నీ పెళ్ళి!"

నెత్తళ్ళ వాసనతో ఉన్న హల్వా అప్పుడు విప్పాం. ఎవరూ వాసన గురించి ఎత్తలేదు.

విజయనగరం

సత్యం స్టేషనులోనే అడిగాడు, "ఏ రంగం వారు?" అని. ఇంటికి వచ్చి, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. వాడు విని లేచి వెళ్ళి పెరట్లో కూర్చున్నాడు. నేను యుద్ధానికి సిద్ధపడి మాటలన్నీ పేర్చుకుని ఉంచాను. పొద్దున కాఫీ తాగుతూ వాడు, "ఇరవై రోజులు మోశాడా అక్కా?" అన్నాడు. "మోశాడు," అన్నాను. "అంత పిల్లాణ్ణి మన సందు చివరిదాకా మోయలేను నేను," అని, "సరే, శుభలేఖలు అచ్చు వేయిద్దాం. కాని పెళ్ళికొచ్చిన ప్రతివాడూ రెండు వైపులా రంగమేమిటని అడుగుతాడు. అందరికీ విడివిడిగా చెప్పడం నావల్ల కాదు," అన్నాడు.

నేను రాస్తానన్నాను. మీరు చదువుతున్నది అదే. కాని ఆయన బతుకు ఆయన్ని అడక్కుండా ఎలా రాస్తాను? అందుకని బావగారికి ఉత్తరం వేశాను. పది రోజులకి జవాబొచ్చింది. ఆయన చెబుతుంటే సరళ రాసింది, వంకర అక్షరాలు, ఒత్తులు సగం లేవు. రెండు సార్లు కూడబలుక్కుంటే గాని నాకే తెలియలేదు.

"రాయండి. దాచింది చాలు. మా అయ్య పైడయ్య పేరు పెద్దగా వేయించండి. మా అమ్మ సంగతి కూడా రాయండి. ఆవిడ పేరు నాకు తెలీదు. అమ్మ అనే రాయండి."